లంకాయాత్రా సందేశానికి తార్నాక టీక

మూలం:

అన్నా, శుక్రారం రాత్రి తార్నాకల చాయ్ తాగి బయల్దేరుదం.
బండి నాది, పెట్రోలు నీది.
లంకలన్నీ తిరిగొద్దం.
పడవ సంగతి ఆడికి పోయినంక చూద్దం.

అవతారిక. మెదక్ దగ్గరి కొల్చారం మల్లినాథసూరిది. ఆయన మేఘసందేశానికి సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. మేఘసందేశం అంటే మరేమిటి? మబ్బుకు యక్షుడు చెప్పిన రూట్ మ్యాపు. ఏ కొండ మీద ఆగాలో, ఏ నదిలో నీళ్లు తాగాలో, దారి కాస్త చుట్టయినా ఉజ్జయిని ఎందుకు వదలకూడదో అన్నీ అందులో ఉన్నాయి. మబ్బు ప్రయాణానికి అంత వ్యాఖ్య ఉండగా బుల్లెట్టు ప్రయాణం ఏం పాపం చేసింది? రాత్రి పదకొండింటికి ఉస్మానియా హాస్టల్ గదిలో నా ఫోనుకు వచ్చిన పై నాలుగు పాదాలకు అందుకే టీక మొదలుపెట్టాను. మూలంలో ఆధారం లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు అన్నది సూరిగారి నియమం. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే పీహెచ్‌డీ పూర్తికాదు.

అన్నా: సంబోధన. క్యాంపస్‌లో ఈ మాట వయసును తెలపదు, ఖర్చు ఎవరిదో తెలుపుతుంది.

శుక్రారం రాత్రి: శుక్రవారమునాటి రాత్రియందు. ఏ నెలలోదో కవి చెప్పలేదు. ఇది దోషం. ఆగస్టైతే గోదావరికి వరద, రేవులు కట్టేస్తారు. నవంబరైతే తుపాన్లు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ఆ తారీఖు మోసుకు తిరిగే ఇళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి, వాళ్ల గుమ్మం ముందు ఆ నెలలో హారన్ కొట్టుకుంటూ తిరగడం మర్యాద కాదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం, రేవులో మనిషికే చోటు దొరకదు. కాబట్టి సంక్రాంతి వెళ్లాక, భీష్మ ఏకాదశి రాకముందు పడే శుక్రవారమని అన్వయించుకోవాలి. అప్పుడు పరీక్షలు రావా అని శంక. కవి మూడేళ్లుగా పరీక్షలు రాయడం లేదని సమాధానం.

తార్నాకల: తార్నాకయందు. ఈ లకారం తెలంగాణ సప్తమి. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. తీగ కంచె వేసిన చౌకీ ఒకటి ఉండేది గనుక ఆ పేరని పెద్దలంటారు. చౌకీ పోయింది గాని వచ్చేపోయేవాళ్లను ఆపే పనిని మెట్రో స్తంభాల పక్కన చాయ్ బండి అందుకుంది. 'తాగి' అన్నది క్త్వార్థకం. ఒక పని ముగిశాకే రెండోది మొదలవుతుందని వ్యాకరణం. తార్నాకలో చాయ్ ముగియడం నేను చూడలేదు.

బండి నాది, పెట్రోలు నీది: సమాలంకారమని కవి హృదయం. లెక్క వేస్తే విషమం. ఎల్బీనగర్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని సూర్యాపేట, కోదాడ, విజయవాడ. కరకట్ట మీదుగా అవనిగడ్డ. బందరు దగ్గర 216వ నంబరు రోడ్డెక్కి నరసాపురం, చించినాడ వంతెన, రాజోలు, అమలాపురం, యానాం. రాజమండ్రి మీదుగా తిరుగుముఖం. వెయ్యి కిలోమీటర్లు పైచిలుకు. లీటరుకు 35 ఇచ్చినా 30 లీటర్ల దాకా తాగుతుంది. తిరిగొచ్చాక బండి వాడిదిగానే ఉంటుంది, పెట్రోలు మాత్రం ఎవరిదీ కాకుండా పోతుంది. ఒకటే ఊరట. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరిది. అక్కడ పన్ను తక్కువ, పెట్రోలు చవక. కనుక ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెనను ఖాళీ ట్యాంకుతో దాటాలి. ఎంత ఖాళీతో అన్నది అలంకారశాస్త్రం తేల్చదు.

లంకలన్నీ: ఇక్కడ రావణుణ్ణి తలుచుకోనక్కర్లేదు. నది పాయల నడుమ మేట వేసిన నేల లంక. ఒండ్రు మట్టి, పొగాకు, అరటి, కూరపాదులు. వరద ఒక గట్టును కోసి ఇంకోచోట మేట వేస్తుంది. నిరుడు పాదు పెట్టినచోట ఈ ఏడు నీళ్లుండవచ్చు. అందుచేత 'అన్నీ' అన్నది అతిశయోక్తి. పైగా పేరును నమ్మితే మోసం. నాగాయలంకకూ ఎదుర్లంకకూ తారు రోడ్డు మీదే పోవచ్చు. పేరులో లంక లేనివే పెద్ద లంకలు: పులిగడ్డ దగ్గర కృష్ణ చీలితే నడుమ పడ్డది దివిసీమ, గౌతమికీ వశిష్ఠకూ మధ్యది కోనసీమ, దాన్ని వైనతేయ మళ్లీ కోసింది. వంతెనలు వచ్చాక ఇవన్నీ ద్వీపాలన్న సంగతి బండి చక్రానికి తెలియదు. నీళ్లు దాటితే గాని చేరని నేల కావాలంటే కృష్ణ సముద్రంలో కలిసే వైపు, ఎదురుమొండి లాంటి చోటికి పోవాలి.

పడవ: అపపాఠం. 'పంటు' అని ఉండాలి. రెండు పడవలు జతకట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను పెడితే పంటు. ఒకసారి సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి దాటాను గనుక ఇది సాధికారంగా రాస్తున్నాను. గట్టు నుంచి వాలుగా వేసిన బల్ల మీద మొదటి గేరులో, ఆగకుండా ఎక్కాలి. సగంలో బెదిరి బ్రేకు పట్టుకున్నాను. వెనక చక్రం పక్కకు జారింది. ఎవరో క్యారియరు పట్టుకుని ఒక్క తోపు తోశారు, తిట్టలేదు కూడా. తడి బల్ల మీద స్టాండు నిలవదు. అవతలి ఒడ్డు వచ్చేదాకా రెండు కాళ్లూ ఆనించి బండి మీదే కూచున్నాను, ఒక పక్క పాల క్యాన్లు, ఇంకో పక్క నా ప్యాంటు మీద మనసుపడ్డ మేక. పాటు వేళ నీరు తీస్తే ఆ బల్ల ఇంకా ఏటవాలవుతుంది. వేళ తెలుసుకోకుండా పోకూడదనడానికి ఇదే కారణం.

ఆడికి పోయినంక చూద్దం: 'లంక'కు 'నంక' ప్రాస కుదిరింది, కవికి తెలియకుండానే. మిగతాది సులభం.

తాత్పర్యం: ఓ ఖర్చు పెట్టువాడా! నెల తెలియని ఒకానొక శుక్రవారమున, ముగియని చాయ్ ముగిసిన పిమ్మట, నీ పెట్రోలుతో నడుచు నా బండిపై, నిలకడ లేని నేలలన్నిటిని, వేళ కనుగొనకయే దాటి వత్తము.

పంటు వేళలకు మూలంలో దిక్కులేదు గనుక, మెస్‌లో వడ్డించే దివిసీమ అతని దగ్గర నంబరు తీసుకుని పొద్దున రేవుకు ఫోన్ చేశాను. బండి ఎక్కిస్తారా అంటే ఎక్కిస్తామన్నాడు. ఆఖరి పంటు ఎన్నింటికి అంటే, పొద్దుగూకేలోపు వచ్చెయ్యండి అన్నాడు. పెట్టెయ్యబోతుంటే అడిగాడు: "ఇంతకీ ఎవరింటికండీ?"

మూలంలో దీనికి ఆధారం లేదు.