వక్షఃస్థల శాసనమునకు నిర్ణేజని యను వ్యాఖ్య

కొలిచెలమ మల్లినాథసూరి మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞచేసి, కాళిదాసు కావ్యములకు సంజీవని యను టీకను వ్రాసి ఆ ప్రతిజ్ఞను చెల్లించుకొన్నాడు. నేనట్టి ప్రతిజ్ఞ చేయజాలను. నాకు చిక్కిన మూలము తాళపత్రముమీద గాక నూలుబట్టమీద, అందును ఒక సాఫ్ట్‌వేరు ఇంజనీరు రొమ్ముమీద ఉన్నది. అతడు కాఫీ కప్పు ఎత్తినప్పుడెల్ల చివరి పదము మడతలలో మునిగి, దించినప్పుడు మరల తేలుచుండును. దేవుడు నోరిచ్చియుండగా రొమ్ముతో మాటలాడు ఈ యలవాటు విద్యావంతులలో నానాటికి ప్రబలుచున్నది గనుకను, నోటితో అన్నవానిని నిలదీసి అడుగవచ్చును గాని చొక్కాతో అన్నవానిని అడుగుట అమర్యాద యగుచున్నది గనుకను, ఈ వ్యాఖ్యకు పూనుకొంటిని. ఉతుకుటకు సంస్కృతమున నిర్ణేజనమని పేరు. కావున దీనికి నిర్ణేజని యని నామకరణము చేసితిని.

మూలము: "నో హ్యూమన్ ఈజ్ ఇల్లీగల్."

ప్రతిపదార్థము ఇంగ్లీషు మొదటి వాచకము చదివినవారికెల్ల తెలియును గనుక విడిచితిని. ఏ మనిషియు ఉనికిచేతనే నేరస్థుడు కాడని పిండితార్థము. కర్త ఎలీ వీజెల్ అని ప్రసిద్ధి. నాజీల చెరనుండి బ్రదికి బయటపడినవాడు గనుక, మనుష్యులను అక్రములుగా మార్చు చట్టములెట్లుండునో ఎరిగి పలికినవాడు. 1980 దశకమున సాల్వడోరు, గ్వాటెమాలాలలోని అంతర్యుద్ధములకు వెరచి పారివచ్చినవారిని అమెరికాలోని చర్చిలు ప్రభుత్వమును ధిక్కరించి దాచినవి. ఆ నేరమునకు అరిజోనా రాష్ట్రపు టూసాన్ నగరమున విచారణ జరిగి, 1986లో ఎనిమిదిమంది దోషులని జ్యూరీ తేల్చినది. ఈ వాక్యము ఆ కాలపుది. అప్పుడు దీనిని నమ్మినందుకు బోనెక్కవలసి వచ్చినది. ఇప్పుడు దుకాణమునకు పోయి సైజు చెప్పిన చాలును.

రొమ్ముమీద పెద్దయక్షరములు వ్రాయు సంప్రదాయమునకు బ్రిటను దేశపు కేథరిన్ హామ్నెట్ ప్రవర్తకురాలు. 1984లో ఆమె ప్రధాని మార్గరెట్ థాచరు ఇచ్చిన విందుకు క్షిపణులను నిరసించు వాక్యమును తొడుగుకొని పోయి, చేయి కలిపినది. ఆమె వ్రాత ఎదుటివారి కొరకు. ఎదుట నిలిచినది సాక్షాత్తు ఆ క్షిపణులను సమర్థించినావిడ. తరువాతి కవులు ఈ రెండవ యంశమును విస్మరించిరి.

నేను చూచిన ప్రతి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటులో మా మేనల్లుని దగ్గర ఉన్నది. మెడపట్టెలోపల, ఉతుకులకు అంచులు చుట్టుకొన్న గుడ్డముక్కమీద 'మేడ్ ఇన్ హోండురస్' అని కలదు. ఇది మూలములోనిదా, లేక లేఖకుని చేర్పా యని నేను విచారించుచుండగా, ఇల్లు తుడుచుటకు వచ్చు గ్వాటెమాలా వనిత వెనుకవాకిట లోనికి వచ్చినది. ఆమెకు తెలుగు రాదను ధైర్యముతో ఆమె యెదుటనే మావాడు అన్న మాట: "మామయ్యా, మనం లైన్లో నిలబడి వచ్చినవాళ్లం. వీళ్లలాగా గోడ దూకి రాలేదు." ఆమె గోడ దూకినదో లేదో అతడెన్నడును అడుగలేదు, జీతము నగదుగా ఇచ్చుచుండుటచేత అడుగవలసిన పని పడలేదు. విరోధాభాసమని ఆలంకారికులొక యలంకారము చెప్పిరి: పైకి విరోధముగా తోచి లోన పొసగుట. ఇచ్చట పైకి పొసగి లోన విరోధము. దీనికి లక్షణము వ్రాసినవారు లేరు.

లైను అనగా దస్తావేజు. దస్తావేజు అనగా ఉంగరము. ఇక శకుంతల సంగతి చెప్పకుండ ముందుకు పోవుట నాచేత కాదు.

భారతమున ఉంగరము లేదు. వ్యాసుని శకుంతలయు, ఆయన వెంబడి నన్నయ శకుంతలయు, కొడుకును వెంటబెట్టుకొని సభలో నిలిచి, ఎరిగియుండియు ఎరుగనన్న రాజును ముఖముమీదనే ఖండించి, సత్యమున కెంత బరువో తూచి చెప్పి, తుదకు ఆకాశవాణి పలుకగా గెలిచినారు. అప్పటికి మనిషికి మాటయే సాక్ష్యము; అది చాలకున్న ఆకాశము వచ్చి చేవ్రాలు చేయును. కాళిదాసు వచ్చుసరికి రాజ్యతంత్రము ముదిరినది. ఆశ్రమమున కణ్వునితో రహస్యముగా పలికిన అశరీరవాణి, అక్కరపడిన కొలువులో నోరు మెదపలేదు. మాటకు మారుగా రాజు పేరు చెక్కిన ఉంగరము వచ్చినది. శచీతీర్థమున నీటికి మ్రొక్కునప్పుడు అది వేలినుండి జారినది. జారినది మొదలు ఆమె నిండుచూలు, గౌతమి పెద్దరికము, వెంటవచ్చిన మునికుమారుల ఆగ్రహము, ఏదియు చెల్లలేదు. దుర్వాసుని శాపమని కవి రాజును కాపాడినాడు గాని, నేటి ఏ కచేరీలోనైనను గుమాస్తాకు శాపము తగిలియుండనక్కరలేదు, కాగితము కనబడకపోయిన చాలును.

సరి, ఉంగరము ఉన్నవాని గతి యేమైనది? ఆరవ యంకమున చూడుడు. అది చేప కడుపున దొరికినదని ఉన్నదున్నట్లు చెప్పిన జాలరిని భటులు పెడరెక్కలు విరిచికట్టి, కొట్టుచు, వాని కులవృత్తిని వెక్కిరించుచు ఈడ్చుకొని వచ్చిరి. రాజు ఉంగరపు వెలకు సమానమైన ధనమిచ్చి విడువుమనగా, వాడు అందులో సగము 'పువ్వులకు' అని ఆ భటులకే సమర్పించి, వారితో కలిసి కల్లంగడికి నడిచినాడు. లేనందుకు ఆశ్రమకన్య గెంటివేయబడినది. ఉన్నందుకు జాలరి దెబ్బలు తిన్నాడు. మనిషిని బట్టి కాగితమునకు విలువ గాని, కాగితమును బట్టి మనిషికి కాదని కాళిదాసు రెండంకములలో తేల్చివైచెను. ఆ భటుల నాయకుడు రాజుగారి బావమరది యట. కాళిదాసు మూడు నాటకములకును కుమారగిరిరాజీయ మను వ్యాఖ్య వ్రాసిన మన కాటయవేముడు సైతము కొండవీటి కుమారగిరిరెడ్డికి మంత్రియే గాక బావగారు; రాజబంధువైన వ్యాఖ్యాత ఈ ఘట్టమున తన కలమును ఎట్లు నడిపించి యుండునో యని నాకొక చిలిపి యూహ. అది విద్యార్థులెవరైన పరిశోధింపదగును.

చొక్కా నెచ్చట విడిచితిని? లైను దగ్గర.

మావాడు నిలిచితిననిన ఆ లైను చరిత్ర యిది. 1917 చట్టము మనవారి రాకను మూసివేసినది. 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున అక్కడి సుప్రీంకోర్టు భారతీయుడు పౌరసత్వమునకు తగడని తీర్పు చెప్పినది. 1946లో తలుపు తెరిచినప్పుడు ఏటికి నూరుగురికి తెరిచినది. అంతవరకు నిలుచుందమన్నను లైనే లేదు. దొడ్డిదారిన వచ్చి ఓడలలోను పొలములలోను పనిచేసిన మన పూర్వులను మావాడు తన వంశవృక్షమున చేర్చుకొనడు. ఇక నేటి లైనో, శాశ్వతనివాసపు కార్డులలో ఏ దేశమునకును నూటికి ఏడుకు మించరాదను నియమముచేత కదలక నిలిచినది; తండ్రి వరుసలో ఉండగానే కొడుకునకు 21 ఏండ్లు నిండి, వాడు వరుసనుండి రాలిపోవుచున్నాడు.

2019 జనవరిలో మిషిగను రాష్ట్రపు ఫార్మింగ్టన్ హిల్స్‌లోని యొక విశ్వవిద్యాలయము అసలు విశ్వవిద్యాలయమే కాదనియు, వలసచట్టపు అధికారులు మారువేషమున నడిపిన ఎర యనియు బయటపడినది. దానికి వెబ్‌సైటు ఉండెను, రాజముద్ర ఉండెను, ముద్రపై విజ్ఞానము, శ్రమ యని అర్థమిచ్చు లాటిన్ సూక్తియు ఉండెను. ఆచార్యులు మాత్రము లేరు. చేరిన సుమారు ఆరువందలమందిలో పెక్కురు భారతీయులు, వారిలో తెలుగుబిడ్డలు మెండు. తరగతులు లేవని ఎరిగియే చేరిరని ప్రభుత్వవాదము. ఫీజు వసూలుచేసినదియు ఆ ప్రభుత్వమే. నిన్నటివరకు క్రమముగా నున్నవాడు తెల్లవారుసరికి అక్రముడైనాడు. ఎవ్వడును గోడ దూకలేదు, గోడయే వచ్చి మీద దూకినది. ఈ సంగతి నేను జ్ఞాపకము చేయగా మావాడు కొంతసేపు ఊరకుండెను. పోనిమ్మని, వీసా ముద్రకు హైదరాబాదు వచ్చి తిరిగిపోవునప్పుడు విమానాశ్రయమున అధికారి కిటికీ ముందర ఈ చొక్కాయే తొడుగుకొందువా యని యడిగితిని. "పిచ్చా మామయ్యా, అక్కడికి ప్లెయిన్ షర్టే. పక్క గదిలో కూర్చోబెడితే?" అన్నాడు. నాకు జాలి కలిగినది. కోపము మాత్రము తగ్గలేదు.

ఈ శాఖలోనిదే మరియొక శాసనము 'లీగలైజ్ ఎల్.ఏ.' అనునది. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున అమెరికన్ అపారెల్ కంపెనీ తన కర్మాగారమునకే ఆ వాక్యమును వ్రేలాడగట్టి, దాని లోపలనే, వలసవచ్చినవారి చేతనే, ఆ వాక్యముగల చొక్కాలు కుట్టించెను. కవియు, లేఖకుడును, ఇతివృత్తమును ఒక్కరే యైన కావ్యమిది. మన సాహిత్యమున దీనికి సాటి తక్కువ. 2009లో ప్రభుత్వము కంపెనీ దస్త్రములను తనిఖీ చేయగా, 1,500 మందికి పైగా కుట్టుపనివారు సరియైన కాగితములు లేక కొలువులు కోల్పోయిరి. చొక్కాలు మాత్రము అమ్ముడుపోవుచునే యుండెను. దివాలా తీసిన ఆ కంపెనీ పేరును 2017లో కెనడాకు చెందిన గిల్డన్ సంస్థ కొన్నది. మిల్లును కొనలేదు, అది మూతపడినది. గిల్డన్ వారి కుట్టుపని హెచ్చుగా జరుగునది హోండురస్ ప్రాంతములలో. మనిషిని రానీయని సరిహద్దు చొక్కాను రానిచ్చుచున్నది.

పూర్వపక్షమున ఒక కోటున్నది. 2018 జూన్ 21న నాటి అధ్యక్షుని భార్య మెలానియా ట్రంపు, తల్లిదండ్రులకు దూరమైన వలసబిడ్డల నుంచిన టెక్సాసు ఆశ్రమమునకు పయనమగుచు, 'నాకేమియు పట్టదు, నీకు పట్టునా' యను భావముగల ఇంగ్లీషు వాక్యమును వీపున ధరించినది. అందు గూఢార్థమేదియు లేదని ఆమె కార్యాలయము అభిధావాదమును చేపట్టినది. పత్రికలవారి నుద్దేశించి ధరించితినని కొన్నినెలలకు ఆమెయే ధ్వనివాదమును అంగీకరించినది. ఆనందవర్ధనుడు సంతోషించియుండును. బిడ్డలకు ఇంగ్లీషు రాదు గనుక వారు సహృదయుల లెక్కలోనికి రారు.

ఇక పురుషభేదము. మావాని చొక్కాయందలి వాక్యము ప్రథమపురుషమున ఉన్నది: ఎవరో, ఎక్కడనో, అక్రములు కారట. 2010 మార్చిలో షికాగో నగరమున, పసితనమున తల్లిదండ్రుల వెంట వచ్చి అక్కడనే పెరిగిన పిల్లలు కొందరు, తమకు కాగితములు లేవని ఉత్తమపురుషమున చొక్కాలమీద వ్రాసికొని ప్రభుత్వ కార్యాలయముల నడుమ బట్టబయట నిలిచిరి. ఆ మే నెలలో అట్టివారే, పట్టభద్రుల గౌనులు తొడుగుకొని, టూసాన్‌లోని సెనేటరు జాన్ మెకెయిన్ కార్యాలయమున బైఠాయించిరి. పోలీసులు పట్టుకొన్నవారిలో కాగితములు లేనివారు ముగ్గురు. వారిని వలసశాఖకు అప్పగించిరి.