వాచీకి ఉయ్యాల

మొన్న సంక్రాంతికి మా పెద్దమ్మాయి కొడుకు డల్లాసు నుంచి వచ్చాడు. కనుమ వెళ్ళిన మర్నాడు అందరం రామాపురం బీచికి పోయాం. వాడు చొక్కా విప్పాడు, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు, చేతి వాచీ తీసి "తాతయ్యా, జాగ్రత్త" అంటూ నా గుప్పిట్లో పెట్టాడు. చూద్దును గదా, డయలు మీద 300 మీటర్లని రాసుంది.

"ఏరా, ఇది నీళ్ళలో పెట్టుకునే వాచీ గాదంటరా?"

"అదే తాతయ్యా, డైవింగ్ వాచీ. రోలెక్స్ సబ్‌మెరైనర్. ఇసకలో గీతలు పడతాయని..."

300 మీటర్ల లోతుకు దిగే వాచీ మోకాటి లోతు నీళ్ళకు జడిసింది. ఖరీదెంతరా అంటే నసిగి నసిగి, మన డబ్బుల్లో పది లక్షల దగ్గర పడుతుందన్నాడు. నేను రిటైరైననాడు నా చేతికొచ్చిన మొత్తం అందులో సగం లేదు. వాళ్ళంతా అలల్లో గెంతుతుంటే నేను ఇసకలో పిడికిలి బిగించుకుని కూచున్నా. మొక్కజొన్న పొత్తులవాడొచ్చి పిలిచినా గుప్పిట విప్పలేదు.

మా రోజుల్లో వాచీ అంటే పెళ్ళికి మామగారు పెట్టేది. నాకు 1974లో హెచ్‌.ఎం.టి. జనతా పెట్టారు. అదీ అడిగిన వారంలో దొరకలేదు. జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో 1961లో బెంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీ అది. మాబోటి పెళ్ళికొడుకులందరికీ అదే దిక్కు. రైలెక్కి మద్రాసు పోయి బర్మా బజార్లో సీకో కొనుక్కొచ్చిన షోకిలాలూ ఊళ్ళో లేకపోలేదు. చలికాలంలో కూడా చొక్కా చేతులు మడిచి తిరిగేవాళ్ళెవరో చూస్తే వాళ్ళే.

పొద్దున్నే పళ్ళు తోముకోగానే కీ ఇవ్వాలి. ముప్ఫై తిప్పులు. చివర్న వేలికి బిగువు తగలగానే ఆపెయ్యాలి, ఇంకొక్క చుట్టు తిప్పితే స్ప్రింగు తెగుతుందని మాకు భయం. రోజుకు అర నిమిషం వెనకబడితే పొద్దుటి రేడియో వార్తలకు సరిచేసుకునేవాణ్ణి. వానలో తడిసి గాజు లోపల ఆవిరి పడితే రాత్రంతా లాంతరు పక్కన పెట్టేవాళ్ళం. అప్పటికీ దారికి రాకపోతే చీరాల. అక్కడో పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని, చక్రాలన్నీ విప్పి చిన్న గిన్నెలో పెట్రోలు పోసి కడిగి, సూది మొనకంటిన నూనె చుక్క ఒక్కోచోట ముట్టించేవాడు. తుమ్మొచ్చినా ఆపుకుని చూసేవాళ్ళం. ఆయన పోయాడు. కొడుకు అదే బల్ల మీద సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు.

తర్వాత సెల్లు వాచీలొచ్చాయి. జపాన్‌లో సీకో వాళ్ళు 1969 క్రిస్మస్ నాడే మొదటిది బజార్లో పెట్టారు. మన హోసూరులో టైటాన్ వాళ్ళు 1987లో మొదలెట్టారు. లోపల చిన్న స్ఫటికం ముక్క సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. నెలకు పదిహేను సెకన్లకు మించి తేడా రాదు. మావాడి వాచీకి కంపెనీ ఇచ్చే మాట రోజుకు రెండు సెకన్లు, అంటే నెలకు నిమిషం. టైము సంగతే అయితే వెయ్యి రూపాయల వాచీ పది లక్షల వాచీని ఓడించినట్టే.

నీళ్ళ సంగతి చూద్దాం. 200 మీటర్లు తట్టుకునే కేసియో పదివేల లోపు దొరుకుతుంది. సరదాకి మునిగేవాళ్ళకు పెట్టిన హద్దే 40 మీటర్లు. ఇప్పుడు మునిగేవాళ్ళు చేతికి కంప్యూటర్ కట్టుకుంటున్నారు, లోతూ టైమూ అదే చెబుతుంది. ఈ మీటర్ల లెక్క నన్నూ ఒకసారి ముంచింది లెండి. 30 మీటర్లని రాసుంది గదా అని సెల్లు వాచీతో పంపు కింద స్నానం చేశాను. లోపల చెరువైంది. కొట్టుకు పట్టుకుపోతే, "30 మీటర్లంటే చేతులు కడుక్కోడానికండీ" అన్నాడు. మరి ఆ ముక్కే డయలు మీద రాయొచ్చుగా!

1953లో ఈ తరహా డైవింగ్ వాచీలు తెచ్చినవాళ్ళ తెలివికి మాత్రం దణ్ణం పెట్టాలి. మునిగి ఎంతసేపైందో చూపడానికి డయలు చుట్టూ ఉండే చక్రం ఇప్పటి వాటిలో ఒకవైపే తిరుగుతుంది. నీళ్ళలో దేనికైనా తగిలి కదిలినా, గాలి ఇంకా ఉందని కాదు, అయిపోవస్తోందనే చూపిస్తుంది. ఆ పొరపాటుకి మనిషి ముందే పైకొస్తాడు గానీ చావడు. కాకపోతే నిజంగా రోజూ సముద్రం మీదికి పోయే మా వాడరేవు జాలర్లు గొరుకొయ్యల చుక్కల్ని చూసి తెల్లారగట్ట పడవ తోసేవాళ్ళు. చేతికి ఏమీ ఉండేది కాదు.

ఇక్కడ నా నోరు కాస్త తడబడుతుంది. ముప్ఫై ఏళ్ళు చేనేత సొసైటీలో గుమాస్తా పని చేశాను. "మిల్లు చీర మూడొందలకొస్తుంటే మగ్గం చీర మూడు వేలేందండీ" అన్నవాళ్ళకు చేతిపని చూడండమ్మా అని చెప్పి చెప్పి గొంతు అరిగింది. ఇప్పుడు అదే మాట వాచీని నేనెట్టా అనను? కానీ మగ్గం చీర ధరకు నేను లెక్క చెప్పగలను. నూలుకింత, రంగుకింత, గుంటలో కూచున్న మనిషికి ఇన్నాళ్ళ కూలి. ఈ వాచీలు ఏటా లక్షల్లో ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. పని మంచిదే, ఉక్కు మంచిదే, గాజు నీలం జాతి రాయి. లక్ష వేసుకోండి, పోనీ రెండు. ఆమాటకొస్తే సెల్లు లేకుండా నడిచే 200 మీటర్ల సీకో అంతకంటే చాలా తక్కువకే వస్తుంది. మిగతా ఎనిమిది లక్షలూ పేరుకే.

పేరుకు విలువ లేదని ఎట్టా అంటాను? మా ఊరి సారస్వత నికేతనంలో, 1918 నాటి గ్రంథాలయం అది, గాంధీగారి విరిగిన చేతికర్ర దాచుకున్నాం. 1929లో ఆయన వచ్చినప్పటిది. వేరే ఎవరిదైనా అయితే పొయ్యిలోకి పోయేది. ఈ సబ్‌మెరైనర్‌ని 1962లో సినిమాలో జేమ్స్‌బాండ్ పెట్టుకున్నాడట, మావాడు మురిసిపోతూ చెప్పాడు. సరే. కానీ మా కర్ర ఒక్కటే ఉంది, అమ్మకానికీ లేదు.

ఆ రాత్రి వాడు ఫోన్లో ఒక పెట్టె బొమ్మ చూపించాడు. ఇట్టాంటివి వాడికి ఆరున్నాయి. చేతికుంటే చెయ్యి కదలికకే కీ ఎక్కుతుంది, తీసి పెడితే రెండు మూడు రోజులకు ఆగిపోతాయి. అందుకని కరెంటు పెట్టెలో పెడితే అది వాటిని రాత్రింబవళ్ళు తిప్పుతుంది.

"వాచీలకు ఉయ్యాల కొన్నావుట్రా!" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది.

వాడు నవ్వలేదు. నా చేతివంక చూస్తూ, "తాతయ్యా, నీ జనతా నాకిస్తావా? ఆ కంపెనీ మూతపడింది గదా" అన్నాడు. నిజమే, 2016లో ప్రభుత్వం దాన్ని మూసేసింది. నాది ఇప్పుడు రోజుకు పన్నెండు నిమిషాలు వెనకబడుతుంది. నేను కలుపుకుని చూసుకుంటాను.

"ఎక్కడ పెడతావురా?"

"ఆ పెట్టెలోనే."

"దీనికి ఉయ్యాల పనికిరాదురా అబ్బాయా. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి."

"ఎన్ని తిప్పులు?" అనడిగాడు.

ముప్ఫై అని చెప్పాను. వాచీ మాత్రం ఇంకా ఇవ్వలేదు.