ఇరవై ఐదున పండుగ, ఇరవై ఎనిమిదిన పైసలు

గ్రీటింగ్ కార్డు మీద క్రిస్మస్ అంటే మంచు. మద్నూర్‌లో క్రిస్మస్ అంటే పత్తి. జిన్నింగ్ మిల్లులకు పోయే ట్రాక్టర్లు, డీసీఎంలు దారి పొడవునా జారవిడిచిన దూది 161వ నంబరు జాతీయ రహదారి పక్కన తుమ్మకంపలకు చిక్కుకొని ఊగుతుంటుంది. దూరం నుంచి చూస్తే యూరప్, దగ్గరికి పోతే కామారెడ్డి జిల్లా. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక, నడుమ తెలంగాణ కొసన ఉన్న ఊరు ఇది. ఇక్కడ మూడు భాషల్లో బేరమాడొచ్చు, మూడు భాషల్లో అప్పు అడగొచ్చు. ‘లేదు’ అనే జవాబు మాత్రం ఏ భాషలో చెప్పినా ఇట్టే అర్థమైపోతుంది.

ఈ ఊళ్లో ఒక చిన్న కాపురం ఉందనుకోండి. పెండ్లయి ఆరేండ్లు. బిడ్డకు ఐదు, కొడుక్కు రెండు. ఇంటాయనకు ఎకరన్నర పత్తి చేను, ఆ పని లేని రోజుల్లో మిల్లులో కూలి. ఇంటావిడకు ఒక కుట్టుమిషను, మహిళా సంఘంలో ఒక పొదుపు పుస్తకం. ఆదివారం చర్చికి పోవడం ఇద్దరూ మానరు. పేర్లు అడక్కండి. ఇలాంటి ఇల్లు ఊళ్లో ఒక్కటే ఉంటే కదా.

డిసెంబర్ మొదటి వారంలో ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, బిడ్డ నోట్‌బుక్కులో చివరి పేజీ చింపి ఇద్దరూ లెక్కకు కూర్చున్నారు. నలుగురికి బట్టలు 4,500. రెండు కిలోల మటన్ 1,600. గరిజెలు, మురుకులు, అరిసెల సామాను 1,500. కేకు 600. నక్షత్రం 400. చందాలు 1,000. చర్చిలో కానుక 1,000. మెదక్ పోయి రావడానికి 2,000.

“ఎంతయింది?”

“పన్నెండు వేల ఆరు వందలు.”

“మన తాన ఎన్నున్నయి?”

“మన తాన పెన్నున్నది.”

ఈ జవాబు విని ఇంటావిడ నవ్వలేదు. ఆ పెన్ను కూడా బిడ్డదే.

నిజానికి ఆ ఇంట్లో ఆస్తి లేదనడానికి వీల్లేదు. ముందు గదిలో నడుము ఎత్తున రాశి పోసి ఉంది. రెండో ఏరుడు పత్తి. పిల్లలు దాని మీదే ఎగురుతారు, దాని మీదే పడుకుంటారు, తెల్లారాక ఒళ్లంతా గోక్కుంటారు. క్రిస్మస్ చెట్టు పెట్టుకుందామంటే జాగా లేదు. మొదటి ఏరుడు పైసలు ఎరువుల దుకాణం బాకీకే సరిపోయాయి. ఈ రెండోది అమ్మితేనే పండుగ.

అమ్మడమే పెద్ద కథ. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అయితే తేమ 8 శాతం లోపు ఉంటేనే ఆ పూర్తి ధర. ఆ పైన పెరిగే ప్రతి శాతానికీ కోత పడుతుంది, 12 దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు కొననే కొనరు. డిసెంబర్‌లో పొద్దున పొగమంచు, రాత్రి చలి. పత్తి బోరా పట్టుకుంటే చెయ్యి చల్లగా తగులుతుంది. పైగా ఆ సీజన్ నుంచి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ పెట్టుకోవాలి. ఆ స్లాట్ వచ్చినా పైసలు చేతికి రావు, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాకు తీరిగ్గా వస్తాయి. ప్రైవేటు వ్యాపారి అయితే అప్పటికప్పుడు నోట్లు లెక్కపెడతాడు, కాకపోతే రేటు తగ్గించి లెక్కపెడతాడు. ఏటా పండుగ ముందు పత్తి ఎవరికి అమ్మాలన్న చర్చ ఆ ఇంట్లో అసెంబ్లీ సమావేశంలా సాగి, తీర్మానం లేకుండా వాయిదా పడుతుంది.

సర్కారు పైసల మీద ఆశ పెట్టుకుందామా అంటే, క్యాలెండర్ ఆ ఇంటి మీద కక్ష కట్టినట్టుంటుంది. యాసంగి పంటకు రైతుబంధు పెట్టుబడి సాయం జమ మొదలైన తేదీలు చూడండి. 2020లో డిసెంబర్ 28. 2021లో డిసెంబర్ 28. 2022లో కూడా డిసెంబర్ 28. పండుగకు సరిగ్గా మూడు రోజుల తర్వాత. తరువాత వచ్చిన ప్రభుత్వం పథకానికి ‘రైతు భరోసా’ అని పేరు మార్చి, ఎకరానికి ఏడాదికి 12,000 అని చెప్పి, 2025లో జనవరి 26న మొదలుపెట్టింది. ఆసారి సంక్రాంతి కూడా దాటిపోయింది. ఇంటాయనకు ఒక్కటే అనుమానం: ఏసుప్రభువు పుట్టినరోజు సచివాలయంలో ఎవరో తప్పుగా రాసుకున్నారేమోనని.

పండుగ ముందు జేబు తడుముకున్న సంసారి మద్నూర్‌లోనే మొదట పుట్టలేదు. 1843లో ఇంగ్లీషు రచయిత చార్లెస్ డికెన్స్ వయసు 31. అప్పటికి నలుగురు పిల్లలు, భార్యకు ఐదో కాన్పు దగ్గర పడింది. భాగాలుగా వస్తున్న నవల ‘మార్టిన్ చజిల్‌విట్’ అనుకున్నంతగా అమ్ముడుపోక, ప్రచురణకర్తలు నెలకు 50 పౌండ్లు కోస్తామన్నారు. అప్పు అంటే ఏమిటో ఆయనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆయనకు పన్నెండేళ్లప్పుడు, 1824లో, తండ్రిని అప్పు తీర్చలేదని లండన్‌లోని మార్షల్‌సీ జైల్లో పెట్టారు. ఇల్లు గడవాలని ఆరు వారాల్లో ‘ఎ క్రిస్మస్ కారల్’ రాశాడు. డిసెంబర్ 19న విడుదలైతే పండుగ లోపే 6,000 కాపీలు పోయాయి. ఊరంతా ఆ పుస్తకమే. కానీ ఆయన పుస్తకం అందంగా ఉండాలని బంగారు అంచులు, రంగుల బొమ్మలు పెట్టించి, ధర మాత్రం 5 షిల్లింగులే ఉంచాడు. వెయ్యి పౌండ్లు వస్తాయనుకుంటే మొదట చేతికొచ్చినవి 230. పిసినారి బుద్ధి మార్చిన కథ రాసిన మనిషి, తనే ప్యాకింగుకు డబ్బు పోసి మునిగాడు. పండుగ ఖర్చు తగ్గించుకొమ్మని డికెన్స్‌కు చెప్పగల ఇంటావిడ మద్నూర్‌లో ఉంది. ఆయన మాత్రం లండన్‌లో ఉండిపోయాడు.

ఇక ‘సెమీ క్రిస్మస్’ సంగతి. ఈ మాట తెలుగు చర్చిలకు వెళ్లేవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అసలు పండుగకు ముందు డిసెంబర్ పొడవునా జరిగే అర పండుగ. యువజనులది ఒకటి, స్త్రీల సమాజానిది ఒకటి, సండే స్కూల్ పిల్లలది ఒకటి. పేరుకే సగం, చందా మాత్రం పూర్తిది. ప్రతిదానికీ ఒక కేకు, ప్రతి కేకు ముందూ ఒక ఫొటో. పోయినసారి చీరే మళ్లీ కట్టుకుంటే ఆ ఫొటోలో పట్టుబడిపోతుంది. ఇంటావిడ దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. మూడు సెమీ క్రిస్మస్‌లకూ ఒకే చీర, మూడు రకాల జాకెట్లు. కుట్టుమిషను ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం ఫలితం ఉండాలి.

క్యారల్స్ బృందం ఇంకో పరీక్ష. రాత్రి పదకొండు దాటాక డోలక్, గిటారు, పదిహేనిరవై గొంతులు, వెంట వీధిలో కుక్కలన్నీ. పాట అయ్యాక పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, కళ్లు మూసుకున్న ఇంటావిడ మనసులో లెక్క నడుస్తోంది: ఇరవై మంది, తలా అర గ్లాసు చాయ్, రెండు లీటర్ల పాలు. ఆమేన్ అనేలోపు లెక్క తేలింది. పాలు లీటరే ఉన్నాయి. ఆ రాత్రి బృందం తాగింది అల్లం చాయ్ అని చెప్పుకున్నారు. నిజానికి అది అల్లం వేసిన నీళ్లు. అయినా ఇద్దరు రెండోసారి అడిగారు.

బట్టలు కొనే పనిలో సరిహద్దు ఊరి తెలివి బయటపడుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపితే జీరో టికెట్. కాకపోతే ఆ ఉచితం రాష్ట్రం పొలిమేర దాకే. పొలిమేర దాటితే మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో ఆ ఏడాది మార్చి నుంచి ఆడవాళ్లకు సగం టికెట్. అంటే ఇటు బాన్సువాడ పోతే సున్న, అటు మహారాష్ట్రలోని దెగ్లూరు పోతే కొంత. మగవాడు ఎటు పోయినా పూర్తి.

“నువ్వు ఇంట్లనే ఉండు, పిల్లగాణ్ని చూస్కో. నువ్వు బస్సెక్కితే కర్సు, ఇంట్ల ఉంటే లాభం” అంది ఇంటావిడ.

ఆరేండ్ల కాపురంలో తన విలువ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదని ఇంటాయన ఒప్పుకున్నాడు. ఆమె బిడ్డను వెంటబెట్టుకొని దెగ్లూరు పోయింది. కొట్టతనితో మరాఠీలో ‘కమీ కరా’ అని మొదలుపెట్టి, హిందీలో వాదించి, తెలుగులో లేచి వెళ్లిపోతున్నట్టు నటించి, గుమ్మం దగ్గర అతను పిలిస్తే వెనక్కి వచ్చి, బిడ్డకు గౌను గుడ్డ, కొడుక్కు తీసిపెట్టిన పాత రకం ఒక చొక్కా పట్టుకొచ్చింది. మొత్తం 1,400. గౌను తనే కుట్టింది. పెద్దవాళ్లిద్దరి పద్దు కొట్టేశారు.

గౌను కంటే ముందు ఊరి జాకెట్లు కుట్టాలి. పండుగ నెలలో ఆమె మిషను రాత్రి రెండింటి దాకా తొక్కుతూనే ఉంటుంది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం పేద క్రైస్తవ కుటుంబాలకు చీర, డ్రెస్ గుడ్డ, ప్యాంటు-చొక్కా గుడ్డ ఉన్న క్రిస్మస్ కానుకలు పంచిన ఏండ్లలో గిరాకీ ఇంకా ఎక్కువ. గుడ్డ ఉచితం, కుట్టుకూలి మాత్రం ఉద్దెర. ఎవరిని అడిగినా ఒకటే మాట: “పండుగయినంక ఇస్త వదినా.” లెక్క చూస్తే, కిరాణా కొట్టు, పాలాయన పద్దులు పోను ఊళ్లో ఆమెకు రావలసింది 3,100. కిరాణా కొట్టుకు ఆమె ఇవ్వాల్సింది 900. ఆ కొట్టు ఆయన భార్య జాకెట్ల బాకీ 750. పాలాయన బిడ్డ లంగా-జాకెట్టు 400, పాల బాకీ 380. ఒక సాయంత్రం ఆమె పుస్తకం చంకన పెట్టుకొని వీధి మొత్తం తిరిగి, ఎవరికి ఎవరు బాకీయో కూర్చోబెట్టి కొట్టేయించింది. పట్నంలో బ్యాంకులు ఇదే పని చేసి క్లియరింగ్ అని పేరు పెట్టుకుంటాయి.

నక్షత్రం ఇంటాయన వంతు. దుకాణంలో ఎల్‌ఈడీ నక్షత్రం 400 అన్నారు. ఆయన చేనుగట్టున కోసిన కందికట్టెల్లో సూటిగా ఉన్నవి పది ఏరి, సమానంగా నరికాడు. ఐదేసి కట్టెలతో రెండు చుక్కలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి మొనల దగ్గర సుతిలితో బిగించాడు. మధ్యలో ఐదు చోట్ల జానెడు పుల్లలు అడ్డం నిలబెడితే నక్షత్రం కడుపు ఉబ్బింది. మైదాపిండి ఉడికించిన జిగురు, ఎర్రటి, పసుపు పచ్చని పతంగి కాగితం. ఒక మొనకు కాగితం చాలక పత్తి విత్తనాల సంచి ముక్క అంటించాడు. లోపల బల్బు వెలిగించగానే ఆ మొన మీద కంపెనీ పేరు తలకిందులుగా మెరిసింది. మొత్తం ఖర్చు 40. కరెంటు సంగతి భయం లేదు. 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు గృహజ్యోతి కింద బిల్లు సున్నే. బస్సు ఉచితం, కరెంటు ఉచితం. మటన్ ఉచితంగా ఇచ్చే పార్టీ ఇంకా పుట్టలేదు.

మిగిలింది మెదక్. బిచ్కుంద, బాన్సువాడ, ఎల్లారెడ్డి మీదుగా పోవాలి. క్రిస్మస్‌నాడు అక్కడి కేథడ్రల్ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. 1914లో మొదలైన ఆ కట్టడం పదేండ్లు సాగి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుంది. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో ఆకలితో ఉన్న జనానికి కూలి పని చూపి తిండి పెట్టాలనే చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆ పని పెట్టించాడని చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మెతుకు సీమలో మెతుకు కోసం లేచిన గుడి. ఆ మాట గుర్తు చేసి ఇంటావిడ అంది: “గా రాళ్లు మోసినోళ్లు కూలి తీస్కున్నరు గని, రెండు వేలు కర్సు పెట్కొని వచ్చిన్రా?” మెదక్ వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

చివరికి తేలిన లెక్క ఇది. బట్టలు 1,400. మటన్ కిలో 800. పక్కింటివాళ్లతో కలిసి వండిన పిండివంటల వాటా 900. అరకిలో కేకు 250. నక్షత్రం 40. చందాలు 500. చర్చి కానుక 1,000, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మొత్తం 4,890. వచ్చింది: కుట్టుకూలి బాకీలు 3,100, సంఘం నుంచి చేబదులు 2,000. మిగులు 210 రూపాయలు. పత్తి రాశి కదల్లేదు. దాంట్లోంచి గుప్పెడు తీసి చర్చిలో క్రిస్మస్ తాతకు గడ్డం పెట్టారు. విత్తనాలు తియ్యని పత్తి కావడంతో తాత ఆ రాత్రంతా గడ్డం గోక్కుంటూ చాక్లెట్లు పంచాడు. డిసెంబర్ 26 కూడా తెలంగాణలో సెలవే కాబట్టి, మిగిలిన కూరతో బగారా అన్నం రెండో పండుగైంది.

ఏటా ఈ తిప్పలకు ఒక పాత ఉపాయం ఉంది. 1909లో అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం కార్లైల్ ఊరి బ్యాంకు ఒకటి ‘క్రిస్మస్ క్లబ్’ అని ఒక పద్ధతి పెట్టింది. ఏడాది పొడవునా వారం వారం కొంత దాచి, పండుగ ముందు మొత్తం తీసుకోవడం. మన మహిళా సంఘాల్లో పుస్తకాలు, సంతకాలు, సమావేశాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కావలసింది ఇంకో కాలమ్ ఒక్కటే. జనవరి మొదటి వారం నుంచి వారానికి 100 వేస్తే, 50 వారాలకు 5,000. వచ్చే క్రిస్మస్ 2026 డిసెంబర్ 25, శుక్రవారం. కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్లారా, ఈ నెలలోనే ఒక డబ్బా కొని తాళం వెయ్యండి. తాళంచెవి మాత్రం ఇంటాయన చేతికివ్వకండి.