14 సెంటీమీటర్ల తగువు

2007 ఆగస్టులో యాపిల్ వాళ్లు కొత్త ఐమ్యాక్‌తో పాటు రెండు అల్యూమినియం కీబోర్డులు బజార్లోకి వదిలారు. ఒకటి పొడుగుది, వైరున్నది, కుడి పక్కన అంకెల ప్యాడు ఉన్నది. రెండోది పొట్టిది, వైరు లేనిది, అంకెల ప్యాడు కూడా లేనిది. వదలడం ప్రపంచం మొత్తం మీదికే వదిలారు గానీ దెబ్బ మాత్రం మా ఇంటికి తగిలింది. మా అన్నయ్య పొడుగుదాని పక్షం. నేను పొట్టిదాని పక్షం. పొలం పంపకాలప్పుడు కూడా మేమిద్దరం ఇంత మాటా మాటా అనుకోలేదు.

అన్నయ్యకి విజయవాడ గవర్నర్‌పేటలో ట్యాక్సు ప్రాక్టీసు. నేను హైదరాబాదులో అనువాదాలు చేసుకుని బతుకుతున్నాను. తనకి అక్షరాలతో పని పార్టీ పేరు రాసేదాకానే, ఆ తర్వాతంతా అంకెలే. నాకు అంకెలతో పని పేజీ నంబరు దగ్గరా, నేను పంపే బిల్లు దగ్గరా. ఆ బిల్లులోనూ పెద్ద అంకెలేం పడవు కాబట్టి పై వరసలో ఉన్న పది అంకెలే నాకు ఎక్కువ.

ఒక దసరాకి మా ఇంటికొచ్చి నా బల్ల మీది కీబోర్డు చూశాడు.

“ఇదేమిటే, సగమే ఉంది? మిగతాది వాయిదాల్లో పంపిస్తారా?”

“మొత్తం ఇంతే అన్నయ్యా.”

“సత్తుకి ఇంత డబ్బు పోశావా! అదీ సగానికి!”

సగం కాదు. అమెరికా రకం లెక్కలో పొడుగుదానికి 109 కీలు, పొట్టిదానికి 78. తేడా 31. ట్యాక్సు ప్రాక్టీషనరుకి ఇది చెప్పగానే 28 శాతం డిస్కౌంటు ఇచ్చారా అని అడిగాడు. ఇవ్వకపోగా ఎదురు పుచ్చుకున్నారు. విడుదలైనప్పుడు అమెరికాలో పొడుగుదాని ధర 49 డాలర్లు, పొట్టిదానిది 79. కీలు తగ్గాయి, వైరు తగ్గింది, ధర పెరిగింది. ఈ సంగతి నేను అన్నయ్య దగ్గర ఎత్తలేదు.

పొట్టిది అనగానే అందరికీ వచ్చే అనుమానం ఒకటుంది, అక్షరాల కీలు కూడా కుదించేసి ఉంటారని. అన్నయ్యకీ అదే అనుమానం. “నా వేళ్లు నీ వేళ్లలా చిక్కుడుకాయలు కావు” అన్నాడు. రెండిట్లోనూ అక్షరాల కీలు ఒకటే కొలత. ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి దాదాపు 19 మిల్లీమీటర్లు. మా అబ్బాయి స్కేలు పెట్టి చూపించినా అన్నయ్య ఒప్పుకోలేదు. తర్వాత మేం విజయవాడ వెళ్లినప్పుడు నా పొట్టిదాన్ని తన పొడుగుదాని మీద పెట్టి, క్యూ మీద క్యూ, పీ మీద పీ వచ్చేట్టు సర్ది, పైనుంచి ఒక కన్ను మూసి చూశాడు. సరిపోయాయి. “అయితే ఏం పీకేశారు?” అన్నాడు.

పీకేసింది కుడి పక్కన. అంకెల ప్యాడు ఎలాగూ పోయింది. దాంతోపాటు హోమ్, ఎండ్, పేజ్ అప్, పేజ్ డౌన్ పోయాయి. ముందున్న అక్షరాన్ని తినేసే రెండో డిలీట్ పోయింది. కుడి వైపు కంట్రోల్ పోయింది. బాణాలు పోలేదు గానీ పైకీ కిందికీ వెళ్లేవి చెరి సగమై ఒకే గదిలో సర్దుకున్నాయి. ఇవి కాక ఎఫ్13 నుంచి ఎఫ్19 దాకా ఏడు కీలు. ఎఫ్17 నొక్కవలసిన అవసరం మనిషికి ఏ వయసులో కలుగుతుందో నాకు తెలీదు. అన్నయ్యని అడిగితే తనూ ఎన్నడూ నొక్కలేదట. “ఉంటే పడుంటుంది లేవే” అన్నాడు. మన ఇళ్లలో అటకలన్నీ ఈ ఒక్క మాట మీదే నిండాయి.

నిజానికి పోయినవన్నీ పూర్తిగా పోలేదు. పొట్టిదాంట్లో ఎడం పక్క అట్టడుగు మూలన ఎఫ్ఎన్ అని ఒక కీ ఉంటుంది. అది కలెక్టరాఫీసు బంట్రోతు. పొడుగుదాంట్లో హోమ్ దొరగారి గదికి నేరుగా వెళ్లి తలుపు తట్టొచ్చు. పొట్టిదాంట్లో ముందు బంట్రోతుని పట్టుకుని, ఎడమ బాణం వైపు నడిస్తే ఆయన హోమ్ దగ్గరికి తీసుకెళతాడు. పైబాణం వైపు నడిస్తే పేజ్ అప్ దగ్గరికి. డిలీట్ దగ్గరికి బంట్రోతుతో వెళితే అదే డిలీట్ వెనక్కి కాకుండా ముందుకి తింటుంది. పనులన్నీ అవుతాయి, ఏ పనీ ఒక్క వేలితో కాదు. అలవాటైతే ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఒక కీబోర్డు నుంచి రెండో కీబోర్డుకి మారినప్పుడే. పొడుగుదాంట్లో ఎఫ్ఎన్ ఆ మూలన ఉండదు, అక్కడ కంట్రోల్ కూర్చుంటుంది. ఎఫ్ఎన్ కుడి భాగంలో హోమ్‌కి ఎడం పక్కన, వేరే కీబోర్డుల్లో ఇన్సర్ట్ ఉండే చోట మకాం పెట్టింది. ఒకే కంపెనీ, ఒకే నెల, ఒకే సత్తు, రెండు చోట్లు. అన్నయ్య ఇంట్లో ఒక పూట పని చేసి వస్తే నా ఎడమ చిటికెన వేలు రెండు రోజులు ఎవరి మాటా వినదు.

ఎఫ్ కీల సంగతి వచ్చింది కాబట్టి ట్యాలీ కథ కూడా చెప్పాలి. అన్నయ్య కొడుకు బెంగుళూరు నుంచి తన పాత ఐమ్యాక్‌ని పొడుగు కీబోర్డుతో సహా తండ్రికి పంపాడు. దాంట్లోనే ఒక విండోలో విండోస్ పెట్టించుకుని అన్నయ్య ట్యాలీ తెరిచాడు. ట్యాలీలో ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఇవి గుమస్తాల వేళ్లకి ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. ఆ మ్యాక్ కీబోర్డులో అవే మూడూ పాటల కీలు. ఏడు వెనకటి పాట, ఎనిమిది పాట మొదలు లేదా ఆపు, తొమ్మిది తర్వాతి పాట. అన్నయ్య ఒక సిమెంటు డీలరు సేల్స్ ఎక్కిద్దామని ఎఫ్8 కొట్టాడు. పిల్లాడు అందులో వదిలేసిన ఏదో ఐటెం సాంగ్ ఎత్తుకుంది. ఖంగారులో పర్చేజ్ కొడితే ఇంకో ఐటెం సాంగ్. జర్నల్ కొడితే మళ్లీ మొదటిది. డీలరు ఎదురుగానే కూర్చున్నాడు. సెట్టింగుల్లో ఒక్క టిక్కు పెడితే కీలు దారికొస్తాయి. ఆ టిక్కు ఎక్కడుందో నేను ఫోన్లో చెప్పే లోపల ఆయన రెండు పాటలూ విని వెళ్లాడట.

ఇంత చెప్పినా, అన్నయ్య లెక్కలు కొట్టేటప్పుడు చూస్తే మాత్రం నేను నోరు మూసుకుంటాను. ఎడం చెయ్యి బిల్లులు తిరగేస్తుంటుంది. కళ్లు బిల్లు మీద. కుడి చెయ్యి అంకెల ప్యాడు మీద, నడి వేలు 5 మీదున్న చిన్న బొడిపె దగ్గర. అక్కణ్నించి పైకి 8, కిందికి 2, బొటనవేలికి 0, చివర చిటికెన వేలితో ఎంటర్. కీబోర్డు వంక చూడడు, తెర వంకా చూడడు. పై వరస అంకెలతో ఇది జరగదు. 1 నుంచి 0 దాకా ఒక చెయ్యి పరిగెత్తలేదు, రెండు చేతులూ కావాలి. మరి బిల్లు తిరగేసేదెవరు? అంకెల ప్యాడు ఉన్నది అంకెల కోసం కాదు, ఖాళీగా ఉండాల్సిన రెండో చేతి కోసం. పొట్టి కీబోర్డు పక్షాన వాదించే నాలాంటి వాళ్లకి ఈ విషయం తట్టదు. మా రెండో చేతిలో ఎప్పుడూ కాఫీ కప్పే ఉంటుంది.

పైగా ఆ ప్యాడు కంప్యూటరు కంటే పాతది. 1914 ప్రాంతంలో అమెరికాలో డేవిడ్ సండ్‌స్ట్రాండ్ అనే ఆయన కూడికల యంత్రానికి పది కీలు మూడేసి చొప్పున వరసలు పేర్చాడు. 7, 8, 9 పైన, 1, 2, 3 కింద. క్యాలిక్యులేటర్లూ కంప్యూటర్లూ దాన్నే పట్టుకున్నాయి. ఫోన్ల దగ్గరికొచ్చేసరికి బెల్ ల్యాబ్స్ వాళ్లు రకరకాల అమరికలు మనుషుల చేత నొక్కించి చూసి 1960లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. చివరికి 1963లో బటన్ల ఫోను 1, 2, 3 పైన పెట్టుకుని బయటికొచ్చింది. ఆనాటి నుంచి అన్నయ్యలాంటి వాళ్లు ఫోను చేస్తే రాంగ్ నంబరే. అందుకే నన్నే ఫోను చెయ్యమంటాడు. బిల్లు నాకు పడుతుంది. ఇందులో బెల్ ల్యాబ్స్ వాళ్ల తప్పెంతో మా అన్నయ్య తెలివెంతో నేను తేల్చుకోలేదు. ఇంతా చేసి ఆ పొడుగు కీబోర్డులో 00 కీ లేదు. మన కొట్లలో క్యాలిక్యులేటర్లన్నిటికీ దాదాపు ఉంటుంది. ఎఫ్17, ఎఫ్18 పెట్టినవాళ్లకి లక్షల్లో లెక్కపెట్టే దేశం ఒకటుందని ఎవరూ చెప్పినట్టు లేదు.

నా పక్షం వాదన ఒక్కటే, జాగా. ఇప్పటి యాపిల్ మ్యాజిక్ కీబోర్డుల్లో పొట్టిది సుమారు 28 సెంటీమీటర్లు, పొడుగుది సుమారు 42. ఆ 14 సెంటీమీటర్లూ మౌస్‌ని అవతలికి గెంటేస్తాయి. కుడి చేతివాటం వాళ్లు మౌస్ పట్టుకోవాలంటే ప్రతిసారీ చెయ్యి బారచాపి ప్యాడు దాటి వెళ్లాలి. సాయంత్రానికి భుజం అడుగుతుంది, ఎక్కడెక్కడ తిరిగొచ్చావని. ఇంకో తిరకాసు కూడా ఉంది. పొడుగుదాన్ని తెరకి సరిగ్గా నడిమధ్య పెడితే అక్షరాల భాగం ఎడంపక్కకి జరుగుతుంది. మెడ తూర్పుకీ నడుం ఈశాన్యానికీ పెట్టుకుని అక్షరాలు కొట్టాలి. జీ, హెచ్ కీల మధ్య గీత బొడ్డుకి ఎదురుగా ఉంటేనే ఒళ్లు నిటారుగా ఉంటుంది. నా దగ్గర వాస్తు అంటూ ఏదన్నా ఉంటే అదే.

ఇంకా చిన్నవీ ఉన్నాయి. 1996లో జపానులో వచ్చిన హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డుకి 60 కీలే, బాణాలకి కూడా వేరే కీలు లేవు. నేనంత దూరం పోను. తెలుగు కొట్టేవాళ్లు అసలు కుడి పక్క కోతల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో గుణింతాలు ఎడం చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. ‘డ’ పీ పక్క బ్రాకెట్టు మీద, ‘ట’ ఎంటర్ పక్క కొటేషను మీద ఉంటాయి. కొన్ని చౌకరకం చిన్న కీబోర్డుల్లో సరిగ్గా ఆ మూలనే నలిపేసి కీలు సన్నం చేస్తారు. దాంతో ఇడ్లీ, అట్టు, చట్నీ మూడూ ఒక్క దెబ్బకి పోతాయి. యాపిల్ పొట్టిదాంట్లో ఆ కీలు పూర్తి కొలతలో ఉన్నాయి కాబట్టి మా ఇంట్లో టిఫినుకి లోటు రాలేదు.

అంకెల ప్యాడు అక్షరాలకి అక్కర్లేదన్నప్పుడల్లా అన్నయ్య పాత డీటీపీ రోజులు గుర్తు చేస్తాడు. తన ఆఫీసు కింద అప్పట్లో పెళ్లి శుభలేఖల డీటీపీ సెంటరు ఉండేది. యూనికోడ్ రాని రోజుల్లో తెలుగు ఫాంట్లలో కొన్ని ముక్కలు ఏ కీకీ అందేవి కావు. విండోస్‌లో ఆల్ట్ నొక్కిపట్టి అంకెల ప్యాడు మీద కోడ్ కొడితే వచ్చేవి. పై వరస అంకెలతో కొడితే వచ్చేవి కావు. ఆ కుర్రాళ్లకి కోడ్‌లు ఎక్కాల్లా వచ్చు. “అప్పుడు నీ అక్షరాలని నా అంకెలే పోషించాయి” అంటాడు అన్నయ్య. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడా సెంటరు స్థానంలో మొబైల్ కవర్లు అమ్ముతున్నారని మాట మారుస్తాను.

అల్యూమినియం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేలు తగిలేది తెల్ల ప్లాస్టిక్‌కే, లోహం కంటికి. 2000లో వచ్చిన యాపిల్ ప్రో కీబోర్డుకి అడుగున అద్దంలాంటి పారదర్శక ప్లాస్టిక్ ఉండేది. జంతికల ముక్కలూ సన్న కారప్పూసా దాంట్లో పడి మ్యూజియంలో పెట్టినట్టు కనిపించేవి. ఈ పల్చటి రేకులో పడేందుకు చోటే లేదు. పడ్డా కనపడవు. వైరు లేని ఈ అల్యూమినియం దానికి మొదట మూడు పెన్సిల్ సెల్స్, 2009లో వచ్చినదానికి రెండు. సెల్స్ గొట్టం మూత తియ్యాలంటే బిళ్ల పెట్టి తిప్పాలి. అందుకోసం మా బల్ల సొరుగులో ఒక రూపాయి బిళ్ల ఉంచాను. అన్నయ్య వచ్చినప్పుడల్లా దాన్ని తీసి దేవుడి హుండీలో వేస్తాడు.

మొన్న సంక్రాంతికి రాజీ కుదర్చబోయాను. విడిగా అమ్మే అంకెల ప్యాడు ఒకటి, పొట్టి కీబోర్డు ఒకటి తీసుకుని విజయవాడ వెళ్లాను. ప్యాడుని ఎడం పక్కన పెట్టుకుంటే మౌస్ దగ్గరికొస్తుంది, అక్షరాలు బొడ్డుకి ఎదురుగా ఉంటాయి, లెక్కలూ జరుగుతాయి. లోకంలో చాలామంది చేసే పనే. బల్ల మీద అన్నీ సర్ది అన్నయ్యని కూర్చోబెట్టాను. కుడి చేతికి బిల్లులు ఇచ్చాను. ఎడం చెయ్యి ప్యాడు మీద పెట్టమన్నాను.

అన్నయ్య నన్నూ ప్యాడునీ మార్చి మార్చి చూశాడు.

“డబ్బు లెక్క ఎడం చేత్తోనా?”

“ఉత్త అంకెలే కదా అన్నయ్యా.”

“పార్టీ ఎదురుగా కూర్చుని ఉండగా ఎడం చేత్తో పద్దు రాస్తే రేపణ్నించి ఒక్కడొస్తాడా? వదినా, చూశావా దీని వరస!” అని లోపలికి కేకేశాడు.

“వదిన నాకు, నీకు కాదు” అన్నాను.

“ఖంగారులో అన్నాలే. ముందు ఆ ప్యాడు ఇటు పెట్టు.”

కుడి పక్కన పెట్టాను. పొట్టి కీబోర్డు, పక్కన ప్యాడు, మధ్యలో రెండు వేళ్ల సందు. మౌస్‌ని ఇదివరకటి కంటే ఇంకో మూడు సెంటీమీటర్లు అవతలికి జరపాల్సి వచ్చింది.