వెండి కోటు కింద చలవ చొక్కా

నన్ను కొన్నది విశాఖలో ఉద్యోగం చేసే కొడుకు. తొడుక్కునేది భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే తండ్రి. వాళ్లది శ్రీకాకుళం జిల్లా. "నాన్నా, కోటు కింద ఇది వేసుకో" అన్నాడు కొడుకు ఫోన్లో. "ఇన్నేళ్లూ ఇది తొడుక్కునే పన్జేసినానేటిరా?" అన్నాడు తండ్రి. అయినా తొడుక్కున్నాడు.

భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచీ ఈ ఊరు నిప్పుతోనే కాపురం. ఫర్నేస్ కన్నం తెరిస్తే బయటికొచ్చే ఇనుము వేడి దాదాపు 1500 డిగ్రీలు. దాని సెగను వెండిరంగు కోటు తిప్పికొడుతుంది గానీ, చెమటను ఆరనివ్వదు. చెమట పడితే చాలదు, ఆరితేనే ఒళ్లు చల్లబడేది. 37 డిగ్రీలుండాల్సిన ఒంటి వేడి 40 దాటిందంటే మాట తడబడుతుంది, మనిషి కూలబడతాడు.

నా జేబుల్లోని ప్యాకెట్లలో ఉన్నది 28 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం. పేరిన నెయ్యిలా మెల్లగా కరుగుతూ ఒంటి వేడిని లాక్కుంటుంది. మంచు ఇంకా ఎక్కువ లాగుతుంది, నిజమే. కానీ మరీ చల్లనిది ఆనితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోతాయి, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్‌కు ముందు ఐస్ జాకెట్ తొడుక్కున్న అమెరికా రన్నర్ డీనా కాస్టర్ కాంస్యం గెలిచింది. ఆమె దాన్ని విప్పేసి పరుగెత్తింది. మా మనిషికి ఆ వీలు లేదు, పనంతా నాతోనే.

ప్యాకెట్లు పూర్తిగా కరిగాక నేను ఒట్టి బరువు. మళ్లీ గట్టిపడాలంటే చల్లటి నీళ్లు కావాలి. మే నెలలో భిలాయి కుళాయి నీళ్లే కాగుతుంటాయి. అందుకే ఆయన బకెట్లో ఐసు ముక్కలు వేసి, ప్యాకెట్లు ముంచి, వేలితో నొక్కి చూస్తాడు. మధ్యలో మెత్తగా తగిలితే ఇంకాసేపు ఆగుతాడు.

ఫర్నేసుల దగ్గర పని చేయించే అయ్యల్లారా, నేనున్నానని విరామం తగ్గించకండి. నీళ్లు, నీడ దగ్గర్లో ఉంచండి. వడదెబ్బ ఎక్కువగా తగిలేది కొత్తగా చేరినవాళ్లకే. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ వాళ్లకు పని కొంచెం కొంచెంగా పెంచండి. చొక్కాలు కొనడం ఆ తర్వాత.