తోక దగ్గర సున్నా

2020 సెప్టెంబరులో ఎయిర్‌బస్ కంపెనీ మూడు విమానాల బొమ్మలు బయటపెట్టి, 2035కల్లా హైడ్రోజన్‌తో ఎగిరే ‘సున్నా ఉద్గారాల’ విమానం తెస్తామని లోకానికి మాటిచ్చింది. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి ఆ గడువు అయిదు నుంచి పదేళ్లు వెనక్కి జరిగింది. చిత్తూరు సీమలో ఇలాంటిది లోపలి పేజీ వార్త కూడా కాదు. కుప్పం విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన అయింది. అప్పటి నుంచి శాంతిపురం, రామకుప్పం మండలాల మీద విమానాలు కనిపిస్తూనే ఉన్నాయి, బెంగళూరుకు పోతూ. 2024 తర్వాత ఫైలు మళ్లీ కదిలింది, భూసేకరణ మాట మళ్లీ లేచింది, పొలాలున్నవాళ్లకు మళ్లీ నిద్ర పట్టడం మానేసింది. గడువు జరపడంలో మెళకువలు కావాలంటే తులూజ్‌లోని ఎయిర్‌బస్ ఇంజనీర్లు మా దగ్గరికి రావచ్చు. బస, భోజనం మేం చూసుకుంటాం.

ఆలస్యం మీద నాకు కోపం లేదు. కష్టమైన పని ఆలస్యం అవుతుంది. నా తగాదా అంతా ఆ సున్నాతో.

రాష్ట్రంలో హైడ్రోజన్ గాలి గట్టిగానే వీస్తోంది. 2025 జనవరిలో పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది జులైలో అమరావతిలో గ్రీన్ హైడ్రోజన్ వ్యాలీ డిక్లరేషన్ వచ్చింది. డిక్లరేషన్ ఉన్నచోట సదస్సు ఉంటుంది, సదస్సులో స్లైడ్లుంటాయి, చివరి స్లైడులో తెల్లటి విమానం, దాని తోక మీద పచ్చటి ఆకు. ఆ ఆకును చూసినప్పుడల్లా నాకో ఆలోచన వస్తుంది. ద్రవ హైడ్రోజన్ విమానాలకు ప్రపంచంలోనే మొదటి విమానాశ్రయంగా కుప్పాన్ని ఎందుకు ప్రకటించకూడదు? పాత కిరోసిన్ ట్యాంకులు తవ్వి తీసే ఖర్చు లేదు. రన్‌వే మూసేసి ప్రయాణికులను ఇబ్బంది పెట్టే పని లేదు. అన్నిటికన్నా మించి, ఈ రోజుకు కుప్పం విమానాశ్రయం ఉద్గారాలు నిజంగానే సున్నా. గుండె మీద చెయ్యి వేసుకుని ఈ మాట చెప్పగల విమానాశ్రయం ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

స్లైడులో కనిపించనిది ట్యాంకు. హైడ్రోజన్ ద్రవంగా నిలవాలంటే మైనస్ 253 డిగ్రీల చలి కావాలి. బరువుకు బరువు చూస్తే అది బంగారమే, కిలో హైడ్రోజన్‌లో దాదాపు మూడు కిలోల కిరోసిన్‌కు సమానమైన శక్తి ఉంది. స్లైడు ఇక్కడ ఆగిపోతుంది. లీటరు ద్రవ హైడ్రోజన్ తూకం 71 గ్రాములు అన్న ముక్క తర్వాతి స్లైడులో ఉండాలి, కానీ అప్పటికి భోజనాల వేళవుతుంది. అంత తేలిక కాబట్టి అదే శక్తికి కిరోసిన్ కంటే నాలుగు రెట్లు చోటు కావాలి. ఇప్పటి విమానాలు ఇంధనాన్ని రెక్కల్లో దాచుకుంటాయి. పల్చటి రెక్కలో ఈ చలి నిలవదు. గుండ్రంగానో గొట్టంలాగానో రెండు గోడల ట్యాంకు చేయాలి, గోడల మధ్య గాలి లేకుండా తోడేయాలి, పొరలు పొరలుగా రేకులు చుట్టాలి, దాన్ని తెచ్చి ప్రయాణికుల వెనక పెట్టాలి. అక్కడ కూర్చోవలసినవాళ్లు ఇంట్లో కూర్చుంటారు. ఆ మేరకు ఉద్గారాలు తగ్గే మాట మాత్రం నిజం.

ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పైపు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆ పైపుకు కప్పు సరిగ్గా లేకపోతే దాన్ని తాకిన గాలే ద్రవమై కారుతుంది. అలా కారే దాంట్లో ఆక్సిజన్ పాలు ఎక్కువ, అంటే మంటకు పెట్టిన నైవేద్యం. పైపులో గాలి మిగలకుండా ముందే కడగాలి. నైట్రోజన్‌తో కడుగుదామంటే అది మైనస్ 210 దగ్గరే గడ్డకట్టి పైపుకు అడ్డం పడుతుంది. కాబట్టి హీలియం, తులం లెక్కన చూసి వాడుకోవాల్సిన సరుకు. హైడ్రోజన్ అణువుల్లోనే మళ్లీ రెండు రకాలు, ఆర్థో, పారా. మామూలు వేడిలో నాలుగింట మూడు వంతులు ఆర్థో. ద్రవం చేసేటప్పుడే ఉత్ప్రేరకం పెట్టి పారాగా మార్చకపోతే, ట్యాంకులో కూర్చున్నాక అవి తీరిగ్గా వాటంతటవే మారతాయి, మారుతూ వేడి పుట్టిస్తాయి. ఆ వేడి ద్రవాన్ని ఆవిరి చేయడానికి కావలసిన దానికన్నా ఎక్కువ. బయటి ఎండ సోకకుండా ఎంత కప్పినా లోపలి నుంచే మరిగే ఇంధనమన్నమాట. కాస్త కారి అంటుకుందా, పగటి వెలుగులో దాని మంట కంటికి కనిపించదు.

ఇవన్నీ సాధ్యం కానివి అనడం లేదు. మన శ్రీహరికోటలో చేస్తూనే ఉన్నారు. అయితే ఎంత తపస్సుతో చేస్తున్నారో చూడాలి. 1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఇస్రో, ద్రవ హైడ్రోజన్‌తో నడిచే క్రయోజెనిక్ ఇంజన్ల ఒప్పందం చేసుకుంది. 1992లో అమెరికా ఆంక్షలు పెట్టింది. మనమే తయారు చేసుకుందామని కూర్చుంటే, 2010 ఏప్రిల్ 15న మొదటి సొంత ఇంజన్‌తో వెళ్లిన జీఎస్‌ఎల్‌వీ సముద్రంలో పడింది. 2014 జనవరి 5న గాని గెలవలేదు. ఒక్క ఇంజన్‌కు రెండు దశాబ్దాలు. అంతటితో అయిందా? 2021 ఆగస్టు 12 తెల్లవారుజామున జీఎస్‌ఎల్‌వీ ఎఫ్10 లేచింది, కింది రెండు అంచెలూ చక్కగా పనిచేశాయి, క్రయోజెనిక్ అంచె వంతు వచ్చేసరికి ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం చాలక అది అందుకోలేదు. విచారణలో తేలిందేమిటంటే, ట్యాంకు మీద ఉండే వెంట్ వాల్వులో ఒక మెత్తటి సీలు దెబ్బతిని లీకయింది. ఒక సీలు! ఈఓఎస్ 03 ఉపగ్రహం దాంతో పోయింది.

అది కూడా ఎవరూ ఎక్కని రాకెట్టు. ప్రయోగమప్పుడు చుట్టుపక్కల పురుగును రానివ్వరు. ఎగరబోయే ముందు దాకా ట్యాంకు నింపుతూనే ఉంటారు, ఎగిరాక పదిహేను, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది, మళ్లీ ఆ ట్యాంకు మొహం ఎవరూ చూడరు. విమానం సంగతి అలా కాదు కదా. పొద్దున దిగాలి, అరగంటలో దులుపుకుని మళ్లీ లేవాలి, రోజుకు ఆరుసార్లు, ఇరవై అయిదేళ్లు. పక్కనే లగేజీ బండి తిరుగుతుంటుంది, ఒకాయన బోర్డింగ్ మెట్ల మీద సెల్ఫీ దిగుతుంటాడు, ఇంకొకాయన తన సీటు కిటికీ పక్కది కాదని గొడవ పెట్టుకుంటాడు. ఈ సందడిలో ఆ మెత్తటి సీలు మనసు నొచ్చుకోకుండా చూసుకోవాలి.

‘ఇదంతా కొత్త టెక్నాలజీ సార్, టైమ్ పడుతుంది’ అంటారు. కొత్తదా? 1957లోనే అమెరికావాళ్లు బీ 57 విమానంలో ఒక ఇంజన్‌ను హైడ్రోజన్‌తో నడిపించి చూశారు. 1988 ఏప్రిల్ 15న సోవియట్ టుపొలేవ్ టీయూ 155 ద్రవ హైడ్రోజన్‌తో ఎగిరింది. మూడు ఇంజన్లలో ఒకదానికే ఆ యోగం, ట్యాంకు మాత్రం ప్రయాణికుల గది వెనక భాగాన్ని మింగేసింది. మరుసటి ఏడే అదే విమానాన్ని సహజ వాయువుకు మార్చారు. 2023 మార్చిలో అమెరికాలో యూనివర్సల్ హైడ్రోజన్ అనే కంపెనీ డాష్ 8 విమానాన్ని ఎగరేసి చప్పట్లు కొట్టించుకుంది, 2024లో తలుపులు మూసింది. అదే 2023 సెప్టెంబరులో స్లొవేనియాలో జర్మన్లు ఒక చిన్న విమానాన్ని ద్రవ హైడ్రోజన్‌తో మూడు గంటలకు పైగా గాల్లో ఉంచారు. నాకు గౌరవం ఉన్నది ఇదిగో ఈ పని మీద. ఎగిరింది నాలుగు సీట్ల విమానం, వాళ్లు చెప్పుకున్నదీ అంతే. దాన్ని చూపించి నూట ఎనభై సీట్లకు టిక్కెట్లు అమ్మేది వేరేవాళ్లు.

ఇప్పుడు సున్నా దగ్గరికి వద్దాం. ఆ సున్నాను ఎక్కడ కొలిచారయ్యా అంటే విమానం తోక దగ్గర. పుంగనూరు ఆవును కూడా ఇలాగే కొలవొచ్చు. మూడడుగులు దాటని ఆవు, 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో మేత తిని దేశమంతా ఫొటోల్లో కనిపించింది. దాని తోక దగ్గర మీటరు పెడితే మీథేన్ లేనట్టే లెక్క, ఎందుకంటే ఆవు మీథేన్‌లో దాదాపు అంతా నోటి నుంచి, త్రేన్పుల్లో వస్తుంది. ‘ఉద్గారాలు లేని ఆవు’ అని మెడలో బోర్డు కట్టి నాలుగు రెట్ల ధరకు అమ్ముకోవచ్చు. పుంగనూరు సంతలో ఎవరూ ఆ పని చేయలేదు. కొనేవాడికి ఆవు సంగతి తెలుసన్న భయం.

హైడ్రోజన్ త్రేన్పు ఎక్కడ వస్తుందో కరెంటు బిల్లు భాషలో చెబుతాను. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు. దాన్ని మైనస్ 253కి దించి ద్రవం చేయడానికి ఇంకో పది, పదమూడు. వెరసి అరవై దాటింది. ఆ కిలోలో మనకు మిగిలిన శక్తి 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్‌లో పోసి ప్రొపెల్లర్ తిప్పితే అందులోనూ సగం వేడిగా పోతుంది. ఆ అరవై యూనిట్లు ముద్దనూరు బొగ్గు కరెంటు అయితే, యూనిట్‌కు రమారమి కిలో చొప్పున కార్బన్ డయాక్సైడ్ అక్కడి చిమ్నీ నుంచి పోతుంది. అదే పని కిరోసిన్‌తో చేస్తే వచ్చేది తొమ్మిది కిలోలు. తోక దగ్గర సున్నా, ముద్దనూరు దగ్గర ఆరు రెట్లకు పైనే. పొగ తమది కానంతవరకు కుప్పం ఆకాశం శుభ్రమే మరి.

‘బొగ్గు ఎందుకు, సోలార్‌తో చేస్తాం’ అంటారు. మంచిదే. కుప్పం నియోజకవర్గంలోనే నడిమూరు అనే ఊళ్లో ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు పెట్టి, 2025 జనవరిలో ముఖ్యమంత్రి ప్రారంభించారు. రెండు కిలోవాట్ల పలకలున్న ఇల్లు రోజుకు ఎనిమిది యూనిట్లు ఇస్తుందనుకుందాం. ఏటీఆర్ లాంటి చిన్న విమానం గంటకు ఆరేడు వందల కిలోల కిరోసిన్ తాగుతుంది. దానికి బదులు 230 కిలోల హైడ్రోజన్ అనుకుంటే, గంట ప్రయాణానికి పద్నాలుగు వేల యూనిట్లు. అంటే పద్దెనిమిది వందల ఇళ్లు ఆ రోజు ఫ్యాను వేసుకోకుండా విమానానికి చేయి ఊపాలి. ఇన్ని యూనిట్లున్నప్పుడు వాటిని నేరుగా కుప్పం స్టేషన్ మీదుగా బెంగళూరు వెళ్లే రైలు తీగల్లోకి ఎక్కిస్తే ఎంతమంది వెళ్తారో ఎవరైనా లెక్క కట్టారా? రైలుకు స్లైడు మీద ఆకు ఉండదు, అదే దాని లోపం.

దేశానికి హైడ్రోజన్ అక్కర్లేదా అంటే, బోలెడు కావాలి. 2023 జనవరి 4న కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో మిషన్ పెట్టింది, 2030కి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. ఎరువుల కర్మాగారాలు, రిఫైనరీలు ఇప్పటికే హైడ్రోజన్ వాడుతున్నాయి, సహజ వాయువు నుంచి తీసి. పచ్చ హైడ్రోజన్ మొదటి బకెట్టు అక్కడ పోస్తే ద్రవం చేసే పని లేదు, ఎగరేసే పని లేదు, వెంటనే పొగ తగ్గుతుంది. కానీ యూరియా బస్తా బొమ్మ పెట్టి సదస్సు జరిపితే ఎవరొస్తారు?

మదనపల్లె మార్కెట్ యార్డులో ఈ స్లైడ్లు ఒకసారి వేయాలని నా కోరిక. టమాటా బాక్సులు వరసలు పేర్చి, పొద్దున్నే వేలం నడుస్తుంటుంది. 2023 జులైలో కిలో రెండు వందల దాకా ఎగబాకిన సరుకు, ధర పడిన ఏడు అదే రోడ్డు పక్కన కుప్పలుగా పారబోసి ఖాళీ బాక్సులతో ఇంటికి పోయే సరుకు. పండిన టమాటాకు పది, పన్నెండు డిగ్రీల చలి చాలు, పంట పెద్దగా వచ్చినప్పుడు దాన్ని నాలుగు రోజులు ఆపుకోవడానికి. నిపుణుడు మైక్ పట్టుకుని మైనస్ 253 అనగానే వెనక నుంచి ఎవరో ఒకరు లేస్తారు.

‘ఏం సార్, అంత చల్లగా పెట్టేది తెలుసునా మీకు?’

‘తెలుసండి, టెక్నాలజీ ఉంది.’

‘అట్లయితే ఓ పన్నెండు డిగ్రీల కాడ ఆపేయండి సార్, మాకు చాలు. మిగిలిన చలి మీరే పెట్టుకోండి.’

ఇంక మిగిలింది నీళ్లు. హైడ్రోజన్ విమానం వదిలేది నీటి ఆవిరే, అందులో తప్పేముంది అంటారు. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది కిలోల నీళ్లు. అదే ప్రయాణానికి కిరోసిన్ వదిలే ఆవిరికి రెండున్నర రెట్లు. పది కిలోమీటర్ల పైన చలిలో అది మంచు మబ్బు చారలై భూమి వేడిని పట్టి ఉంచగలదు, ఎంత అన్నది శాస్త్రవేత్తలు ఇంకా కొలుస్తూనే ఉన్నారు. స్లైడు మాత్రం కొలవడం ఎప్పుడో ముగించింది. అయినా కుప్పానికి నీళ్లంటే కాదనేవాళ్లెవరు? హంద్రీ నీవా కాలువ నీళ్లు ఇక్కడికి వచ్చాయని 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి ప్రారంభోత్సవం చేశారు, 2025 ఆగస్టులో ఇంకో ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. విమానం తోక నుంచి కారే నీళ్లకు మూడోది పెట్టుకుందాం. పళ్లెం పది కిలోమీటర్ల ఎత్తుకు మోయాల్సి వస్తుంది, ఆ టెండరు ఎవరికి ఇస్తారో చూడాలి.