పురుగుగారి పరిశోధన

పత్తిచేలలో ఇంతకాలము సాగిన జీవశాస్త్ర పరిశోధనకు బిరుదమొకటి ఈయదలచినచో, దానిని ఏ విశ్వవిద్యాలయమునకో విత్తన సంస్థకో గాక గులాబీరంగు పురుగునకే ఈయవలెనని నా దృఢాభిప్రాయము. పట్టము లేక, ప్రయోగశాల లేక, ప్రభుత్వనిధి నుండి ఒక్క కాసు తీసికొనక, కాయలోపల గింజ తినుచు అది సాధించిన ఫలితములు అట్టివి.

2002లో బీటీ పత్తికి అనుమతి లభించినపుడు, నేలలోని సూక్ష్మజీవి జన్యువొకటి మొక్కలో విషప్రోటీనును పుట్టించుననియు, దానిని కొరికిన పురుగు ప్రేగులు చిల్లులుపడి చచ్చుననియు విని మనమెల్లరము సంతసించితిమి. ఒకటి చాలదని 2006లో రెండవ జన్యువును చేర్చిరి. 2010 నాటికే గుజరాతు పురుగు మొదటిదానిని అరిగించుకొన్నట్లు తేలెను. కొన్ని యేండ్లకు రెండవదియు దానికి పథ్యమే అయ్యెను.

ఈ యపాయమును శాస్త్రజ్ఞులు ఎరుగకపోలేదు. 450 గ్రాముల బీటీ విత్తుతోపాటు 120 గ్రాముల మామూలు పత్తివిత్తును వేరు పొట్లములో పెట్టించి, చేని చుట్టును అయిదు వరుసలుగానో, అయిదవవంతు నేలలోనో, ఏది ఎక్కువైన దానిలో విత్తుమనిరి. అచట పెరిగిన అమాయకపు పురుగులు, విషమును జయించిన మహానుభావులతో వియ్యమందినచో, పుట్టిన సంతతి మరల విషమునకు లొంగునని వారి యూహ. పెండ్లి పెద్దలు లగ్నము కుదిర్చిరి గాని, విడిది యిచ్చువారెవరో తేల్చలేదు.

"గీ చిన్న పొట్లమేందే సేటూ?" అని రైతు అడిగెడివాడు. "రూలు కోసం పెడ్తరన్నా, గట్టు మీద పడేయ్" అని దుకాణదారు సెలవిచ్చెడివాడు. పొట్లము పెట్టినందుకు సంస్థకును, నియమము వ్రాసినందుకు ప్రభుత్వమునకును కర్తవ్యము తీరిపోయెను. కౌలుచేని అయిదవవంతు పురుగుపాలు చేసికొమ్మన్న ఉపదేశమును రెండెకరముల రైతు పాటింపలేదని ఆశ్చర్యపడుట మాత్రము మిగిలెను. పూవు విచ్చక గుడ్డిపూవై ముడుచుకొన్నపుడును, పైకి నిగనిగలాడు కాయను చీల్చినంత లోపల గులాబీవర్ణమున పురుగు దర్శనమిచ్చినపుడును, ఆ యాశ్చర్యము మందుల కొట్టు వైపు నడచును.

అమెరికాలోను ఇదే పురుగు, ఇదే జన్యువు. అచట మామూలు పత్తికి చోటు విడిచి, పిమ్మట వంధ్యములైన రెక్కలపురుగులను విమానముల నుండి వదలి, 2018లో తమ పత్తిసీమలలో ఆ పురుగు నిర్మూలమైనదని ప్రకటించుకొనిరి. మనము పొట్లమును గట్టున వదలితిమి.

ఇప్పుడు మూడవ జన్యువును తెత్తుమని ఉత్సాహపడు పెద్దలకు ఒక మనవి: ఆ అయిదవవంతు నేల నష్టమును రైతునకు ఎవరు చెల్లింతురో ముందుగా వ్రాసి యిండు. అది వ్రాయనిచో ఎన్ని జన్యువులు తెచ్చినను అవి పురుగునకు పెట్టిన భోజనములే.